ఆరు మార్కుల సంతోషం

గుడిమెట్ల హైమావతి ఇరవై ఆరేళ్లు బస్సు కండక్టరుగా పనిచేసింది. ఆ ఇరవై ఆరేళ్లలో ఆమె కూర్చున్న సమయం కంటే నిలబడిన సమయమే ఎక్కువ. నలభై తొమ్మిదో ఏట మోకాళ్లు రెండూ ఒకేసారి మొరాయించాయి. డాక్టరుగారు ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి ఎత్తి చూసి, ఇంకో రెండేళ్లు ఇలాగే నిలబడితే ఆ తర్వాత నిలబడే అవసరమే రాదని చెప్పాడు. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, డ్యూటీలో ఉన్నానని చెప్పేది.

ఆమెకున్న ఆస్తల్లా వశిష్ఠపురంలో మూడు గదుల డాబా ఇల్లు. స్థలం తండ్రి ఇచ్చాడు, ఇల్లు తన జీతంతో కట్టుకుంది. ఉద్యోగం పక్క ఊరి డిపోలో కావడంతో ఆ ఇంట్లో ఉండే యోగం పట్టలేదు. తను డిపో దగ్గర ఒక గదిలో అద్దెకుంటూ, తన ఇంటిని కడలి వీర్రాజుకి అద్దెకిచ్చింది. వీర్రాజు పెళ్లిళ్లకి వంటమేస్త్రి. భార్య మంగతాయారు, తల్లి అచ్చియ్యమ్మ. ఐదేళ్లుగా ఆ ముగ్గురూ అక్కడే ఉంటున్నారు.

వశిష్ఠపురం బస్టాండులో ఒక కొట్టు అమ్మకానికి వచ్చిందని తెలిసి హైమావతి ఆలోచనలో పడింది. కొట్టు కొనుక్కుంటే ఇక కూర్చుని బతకొచ్చు. కొట్టు కొనాలంటే ఇల్లు అమ్మాలి. ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఉన్నారు, వాళ్ల ఒప్పందం ఫాల్గుణం దాకా ఉంది. అప్పుడు నడుస్తున్నది శ్రావణం. ఫాల్గుణం దాకా ఆగితే ఖాళీ ఇల్లు కనుక మంచి ధర వస్తుంది, కొట్టు మాత్రం ఆగదు, మోకాళ్లు అసలే ఆగవు. ఇప్పుడే అమ్మితే మనుషులున్న ఇంటిని ఎవరు కొంటారు?

నంబూరి భాస్కరం కొంటానన్నాడు. సహకార బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, దేనికీ తొందరపడడు. "నాకు ఉండడానికి ఇల్లుందమ్మా. ఇది అద్దె కోసం కొంటున్నాను. ఉన్నవాళ్లు ఉంటేనే నాకు మేలు, మళ్లీ బోర్డు పెట్టుకోనక్కర్లేదు" అన్నాడు.

హైమావతి సంచీలో పళ్లు పట్టుకుని ఇంటికి వెళ్లి విషయం చెప్పింది. వీర్రాజు గరిటె కిందపెట్టి విన్నాడు.

"మాకేం ఇబ్బందుండదండి. మీకిచ్చే అద్దె ఆయనకిత్తాం. అంతే కదండి?"

"అంతే."

"అయితే అమ్మేసుకోండి హైమక్కగారూ. ముందు మీ కాళ్లు చూసుకోండి" అంది మంగతాయారు.

అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, ఉండేవాళ్లు ముగ్గురూ ఒక్క మాట మీద ఉన్నారు. కాబట్టి పని వారంలో అయిపోతుందని హైమావతి అనుకుంది. దస్తావేజులు రాసే ఆయన కాగితాలన్నీ తిరగేసి, "మనశ్శాంతి పత్రం ఏదండీ?" అని అడిగాడు.

"ఎవరి మనశ్శాంతి?"

"అద్దెకున్నవాళ్లదండి. కిందటి నెల్లోనే వచ్చింది రూలు. మున్సిపాలిటీ మూడో అంతస్తు."

మూడో అంతస్తుకి నలభై నాలుగు మెట్లు. హైమావతి వాటిని ఒకటొకటిగా లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. పైన, ఒకప్పుడు సైకిల్ లైసెన్సులు ఇచ్చిన గదికి 'నివాస మనశ్శాంతి విభాగం' అని కొత్త బోర్డు కట్టారు. లోపల మనశ్శాంతి అధికారి కొమరగిరి విశ్వపతి ఫైళ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. ఆయన మాట్లాడితే ముద్రించిన కాగితం చదువుతున్నట్టు ఉండేది. ఇంట్లో కూడా అలాగే మాట్లాడతాడని ఆయన భార్య ఎవరితోనో అన్నట్టు ఊళ్లో చెప్పుకుంటారు.

"చూడండి హైమావతిగారూ. ఇల్లు అనేది స్థిరాస్తి. మనశ్శాంతి అనేది చరాస్తి. స్థిరాస్తిని బదలాయించే క్రమంలో చరాస్తికి విఘాతం వాటిల్లరాదన్నదే ఈ విభాగపు మౌలిక ఉద్దేశం."

"మంచిదేనండి. మావాళ్లకి ఏ విఘాతమూ లేదు. వాళ్లే అమ్ముకోమన్నారు."

"అది వారి అభిప్రాయం. మాకు కావలసినది వారి మనోభావం. అభిప్రాయాన్ని ఎవరైనా చెప్పగలరు. మనోభావాన్ని విభాగం మాత్రమే కొలవగలదు."

కొలిచే పద్ధతి ఆయన వివరించాడు. మనోభావ గణకురాలు ఇంటికి వచ్చి నలభై ప్రశ్నలు వేస్తుంది. జవాబులను బట్టి పదికి ఇన్ని అని మార్కులు వస్తాయి. దానిని సంతోష సూచిక అంటారు. అది ఎంత రావాలో మాత్రం ఆయన చెప్పలేదు, హైమావతి అడగలేదు. మార్కులన్నాక ఎక్కువ వస్తేనే మంచిదని ఆమె నమ్మకం.

వీర్రాజు ఇంట్లోవాళ్లదీ అదే నమ్మకం. గణకురాలు వచ్చే రోజున అచ్చియ్యమ్మ జరీ అంచు చీర కట్టుకుని వీధి అరుగు మీద కూర్చుంది. గణకురాలి పేరు ప్రవల్లిక, పాతికేళ్ల పిల్ల, ఇది ఆమె మొదటి ఉద్యోగం. అట్టకి కాగితాలు క్లిప్పు పెట్టుకుని వచ్చింది.

"పొద్దున్నే లేవగానే ఈ ఇంటి పైకప్పు చూస్తే మీకేమనిపిస్తుంది మామ్మగారూ?"

"మా హైమమ్మ చల్లగా ఉండాలనిపిస్తాదమ్మా" అంది అచ్చియ్యమ్మ.

"ఇంటి యజమాని వస్తున్నారంటే మీలో కలిగే మొదటి భావం?"

"పుట్టింటి నుంచి మనిషొచ్చినట్టుంటాది."

"ఈ ఇంట్లో మీకు నచ్చనివి?"

"నచ్చందల్లా ఒకటేనమ్మా. పదేళ్ల కిందటే రాలేకపోయాం."

మంగతాయారు నీళ్లు ధారాళంగా వస్తాయని చెప్పింది. వీర్రాజు ఈ ఇంట్లో దిగాకే తనకి పెద్ద పెద్ద పెళ్లిళ్లు దొరికాయన్నాడు. ప్రవల్లిక అన్నీ రాసుకుంది. వారం తిరిగేసరికి హైమావతికి ఉత్తరం వచ్చింది.

'తమ గృహమందలి అద్దెదారుల సంతోష సూచిక తొమ్మిది పాయింటు రెండుగా నమోదైనందుకు విభాగం తమను హృదయపూర్వకంగా అభినందించుచున్నది. ఇంతటి సుస్థిర సంతోషమునకు భంగము కలిగించు అవకాశమున్న విక్రయమునకు అనుమతి నిరాకరించడమైనది.'

ఆమె మళ్లీ నలభై నాలుగు మెట్లు ఎక్కింది. విశ్వపతి లేచి నిలబడి నమస్కారం చేశాడు.

"పట్టణంలో ఇదే అత్యధికం" అన్నాడు.

"మరి అమ్మకూడదంటారేంటండీ?"

"ఆరు దాటిన చోట సంతోషం స్థిరపడినట్టు లెక్క. దానిని కదిలించరాదు."

"ఆరు కంటే తగ్గితే?"

"యజమాని బాధ్యతా వైఫల్యం. బాధ్యత నెరవేర్చకుండా అమ్ముకుని తప్పించుకోవడాన్ని విభాగం సహించదు."

"అయితే ఎంత వస్తే అమ్మనిస్తారండీ?"

"ఆరు."

"సరిగ్గా ఆరా?"

"సరిగ్గా ఆరు. ఉంటే ఉన్నారు, పోతే పోయారు అనే సమస్థితి. శాస్త్రీయంగా నిర్ణయించినది."

"ఇప్పటిదాకా ఎవరికైనా వచ్చిందాండీ?"

"ఒకాయన ఐదున్నర దాకా వచ్చారు" అన్నాడు విశ్వపతి కాస్త గర్వంగా.

ఆ నెలాఖరున ఆమెకి టౌనుహాలులో 'ఆదర్శ యజమాని' బిరుదిచ్చి శాలువా కప్పారు. వేదిక మీద ఉపన్యాసాలు జరిగిన గంటన్నరసేపూ సన్మానితులను నిలబెట్టే ఉంచారు.

సన్మానం అయిన మర్నాడు ఆమె వీర్రాజు ఇంటికి వెళ్లి, వంటింటి గుమ్మం దగ్గర పీట వేయించుకుని కూర్చుంది. అసలు సంగతి విని వీర్రాజు నొచ్చుకున్నాడు.

"మేం సాయం చేద్దామనుకుని చెడగొట్టామన్నమాట."

"మీ తప్పేం లేదు. ఈసారి కాస్త తగ్గించి చెప్పండి."

"ఎంత తగ్గించాలండి?"

"తొమ్మిదిన్నుంచి ఆరుకి."

వీర్రాజు వంటవాడు కాబట్టి పాళ్లు తనకి తెలుసనుకున్నాడు. ముగ్గురిలో ఒకరు ఏడిస్తే సరిపోతుందని తేల్చి, ఆ పని భార్యకి అప్పగించాడు.

రెండోసారి ప్రవల్లిక వచ్చినప్పుడు మంగతాయారు మొదట అనుకున్నట్టే చెప్పింది. కుళాయి సన్నగా వస్తుందంది. దోమలున్నాయంది. పదిహేనో ప్రశ్న 'యజమాని మీ మాట వింటారా' అన్నది. దానికి అనుకున్న జవాబు ఆమె చెప్పలేదు.

"రెండేళ్ల కిందట మా అత్తగారు స్నానాల గదిలో జారి పడ్డారు. తుంటి దగ్గర దెబ్బ తగిలింది. గచ్చు నున్నగా ఉంది, కాస్త గరుకు చేయించండి అని హైమక్కగారిని అడిగాను. చేయిస్తానన్నారు. మళ్లీ అడిగాను. అలాగే అన్నారు. ఇప్పటికీ అత్తగారు స్నానానికి వెళ్తే నేను బయట నిలబడే ఉంటాను. లోపల చెంబు చప్పుడు ఆగితే నా గుండె ఆగుతుంది."

ఆ తర్వాత ఆమె ఏడ్చింది. అనుకున్న ఏడుపు కాదని వీర్రాజుకి అర్థమైంది. ఏం చేయాలో తోచక తలుపు పట్టుకు నిలబడ్డాడు.

సూచిక రెండు పాయింటు ఎనిమిది వచ్చింది. ఉత్తరంతో పాటు ప్రవల్లిక రాసుకున్న జవాబుల నకలు కూడా జతపరిచారు. హైమావతి బస్సు దిగి డిపో బెంచీ మీద కూర్చుని అది చదివింది. పదిహేనో జవాబు దగ్గర ఆగి రెండుసార్లు చదువుకుంది. అమ్మకానికి అనుమతి నిరాకరించారన్న వాక్యం ఆమెకి అప్పుడు అంతగా పట్టలేదు.

ఆదివారం తాపీమేస్త్రిని వెంటబెట్టుకుని వచ్చి, స్నానాల గది గచ్చు పగలగొట్టించి, గరుకు పలకలు వేయించింది. గోడకి పట్టుకోవడానికి ఇనప కడ్డీ కూడా బిగింపించింది. మంగతాయారు సిమెంటు బొచ్చె అందిస్తూ, "ఆ పిల్ల అడిగితే నోరు జారానక్కా" అంది.

"జారింది మీ అత్తగారు. నోరు జారలేదు" అంది హైమావతి. "నేనే మర్చిపోయాను. మర్చిపోయానని కూడా కాదు, వాయిదా వేశాను."

రెండు పాయింటు ఎనిమిది వచ్చిన యజమానులు మూడు శనివారాలు సద్వర్తన శిక్షణకి హాజరు కావాలి. హైమావతి సెలవు పెట్టుకుని వెళ్లింది. పద్నాలుగు మంది యజమానులు వచ్చారు. ఒకాయన ఇంటికి మాటిమాటికీ వెళ్తాడని మార్కులు తగ్గాయి. పక్కాయన ఎప్పుడూ వెళ్లడని తగ్గాయి. అద్దెదారుని చూసి ఎంత వెడల్పున నవ్వాలో శిక్షకుడు నేర్పాడు. ఆదర్శ యజమానికి ఉదాహరణగా గోడ మీద ఒక ఫొటో తగిలించారు. శాలువాతో ఉన్న హైమావతి ఫొటో అది. దాని కింద కూర్చుని ఆమె మూడు శనివారాలూ నోట్సు రాసుకుంది.

శిక్షణ పూర్తయిన నలభై ఐదు రోజులకి గాని మళ్లీ కొలవరు. ఈలోగా బస్టాండులో కొట్టుని వేరెవరో కొని సెల్‌ఫోన్ల షాపు పెట్టారు. భాస్కరం మాత్రం, "నాకు తొందరేం లేదమ్మా" అన్నాడు. ఆ మాట ఆయన ధైర్యం చెప్పడానికి అన్నాడా, నిజంగానే తొందర లేకనా అన్నది తెలియలేదు.

కార్తీకంలో నలుగురూ కూర్చుని మూడోసారి గురించి ఆలోచించారు. సంతోషం పనికిరాదు. దుఃఖం పనికిరాదు. ఆ రెంటికీ మధ్యన సరిగ్గా ఏముందని హైమావతి అడిగితే, కూరగాయలు తరుగుతున్న అచ్చియ్యమ్మ తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"పర్లేదు."

అందరూ ఆమె వైపు చూశారు.

"కూరెలా ఉందే అంటే, పర్లేదంటాం. బాగుందనీ కాదు, బాలేదనీ కాదు. దానికి మించిన సమస్థితి ఏ ఆఫీసరుకి దొరుకుతాది?"

పది రోజులు సాధన చేశారు. హైమావతి డ్యూటీ దిగి వచ్చి ప్రశ్నలడిగేది. ముగ్గురూ వరసగా పర్లేదనేవాళ్లు. మొదట్లో మంగతాయారుకి నవ్వొచ్చేది, నవ్వితే మార్కు పెరుగుతుందని వీర్రాజు కోప్పడేవాడు, కోప్పడితే తగ్గుతుందని అచ్చియ్యమ్మ అతన్ని కోప్పడేది. పదో రోజుకి ముగ్గురి మొహాల్లోనూ ఏమీ లేకుండా పోయింది. పెళ్లి మాట్లాడుకోవడానికి వచ్చిన ఒకాయన వీర్రాజు మొహం చూసి, ఇంట్లో ఏదైనా జరిగిందేమో అనుకుని మాట్లాడకుండానే వెళ్లిపోయాడు.

ప్రవల్లిక వచ్చింది.

"పైకప్పు చూస్తే ఏమనిపిస్తుంది మామ్మగారూ?"

"ఉందనిపిస్తాది."

"యజమాని వస్తున్నారంటే?"

"వస్తున్నాదనిపిస్తాది."

"ఇల్లు ఎలా ఉంది?"

"పర్లేదు."

నలభై ప్రశ్నలూ అలాగే జరిగాయి. ప్రవల్లిక అక్కడే కూడి చూసుకుని, చిన్నగా ఊపిరి పీల్చుకుంది. సరిగ్గా ఆరు. ఆ పిల్ల ఎండనపడి మూడుసార్లు తమ ఇంటి చుట్టూ తిరిగిందన్న జాలితో మంగతాయారు లోపలికి వెళ్లి ఒక గ్లాసు కాఫీ తెచ్చి చేతిలో పెట్టింది. ప్రవల్లిక తాగింది. తాగాక ఆమె మొహం వాడిపోయింది.

"ఇది రాయాలండి."

"ఏది?"

"కాఫీ. అడగకుండా అతిథి మర్యాద చేస్తే, ఇంటి మీద మమకారం ఉన్నట్టు. పాయింటు ఒకటి కలుస్తుంది."

"రాయకమ్మా" అన్నాడు వీర్రాజు.

"తాగేశాను కదండీ" అంది ప్రవల్లిక. అబద్ధం రాయడం ఆ పిల్లకి ఇంకా అలవాటు కాలేదు.

ఆరు పాయింటు ఒకటి. సుస్థిర సంతోషం. అనుమతి నిరాకరించడమైనది. ఆ పాయింటు ఒకటీ తీసేయమని హైమావతి అడిగితే, దశాంశ స్థానాన్ని సవరించే అధికారం తనకే కాదు, తన పైవారికి కూడా లేదన్నాడు విశ్వపతి. ఆ సాయంత్రం మెట్లు దిగుతూ ఆమె మధ్యలో కూర్చుండిపోయింది. వెనక దిగుతున్న ఉద్యోగులు ఆమెను తప్పుకుంటూ వెళ్లారు. ఇక ఫాల్గుణం దాకా ఆగడమే దారి అనుకుంది.

కాని ఆగనిచ్చింది కాదు వీర్రాజు కుటుంబం. వారం తిరక్కుండా అతను డిపోకి వచ్చి, బస్సు బయలుదేరబోతుంటే కిటికీ దగ్గర నిలబడి చెప్పాడు.

"వెనక వీధిలో ఓ ఇల్లు చూశామండి. ఎల్లుండి మారిపోతాం. ఖాళీ ఇంటికి ఎవరి మనశ్శాంతీ అడగరు కదండి."

"ఎందుకు వీర్రాజూ? ఒప్పందం ఫాల్గుణం దాకా ఉంది. నేను ఆగుతాను."

"మిమ్మల్ని నిన్న బస్సులో చూసిందంట మా ఆవిడ. కడ్డీ పట్టుకుని, ఒక కాలి మీద నిలబడి టికెట్లు కొడుతున్నారంట. ఇంటికొచ్చి అన్నం తినలేదండి."

బస్సు కదిలింది. హైమావతి ఆ ట్రిప్పులో ఇద్దరికి టికెట్టు ఇవ్వడం మర్చిపోయింది.

వాళ్లు మారిన ఇల్లు మేడ మీద. మెట్లు నిటారుగా ఉన్నాయి. అచ్చియ్యమ్మని వీర్రాజు ఎత్తుకుని పైకి చేర్చాడు, ఆ తర్వాత ఆమె కిందికి దిగలేదు.

హైమావతి ఖాళీ ఇంటి తాళంచెవి పట్టుకుని మనశ్శాంతి విభాగానికి వెళ్లింది. విశ్వపతి ఫైలు తెరిచి చాలాసేపు చూశాడు.

"ఇంట్లో ఎవరూ లేరా?"

"లేరండి."

"మరి మనోభావం ఎవరిది కొలవాలి?"

"కొలవక్కర్లేదు కదండీ. ఖాళీ ఇల్లు."

"మీ దరఖాస్తు అద్దెదారులున్న ఇంటి కింద నమోదైంది. నమోదైన ఫైలు సూచిక లేకుండా ముగియదు. ఎవరూ లేని చోట సూచిక సున్నా." ఆయన గొంతు తగ్గించాడు. "హైమావతిగారూ, మీ గురించి నేను చాలా గొప్పగా చెప్పుకున్నాను. సున్నా ఇంతవరకు ఎవరికీ రాలేదు."

సున్నా వచ్చినందుకు ఆరు శనివారాలు శిక్షణ వేశారు. ఆదర్శ యజమాని ఫొటో మాత్రం గోడ మీదే ఉంది. దాన్ని తీసే ఉత్తర్వు వేరుగా రావాలట.

"పోనీ ఎవరినైనా అద్దెకి పెట్టుకుని రమ్మంటారా?" అని అడిగింది ఆమె.

"అది ఉత్తమం."

సరిగ్గా అప్పుడే ఒక గుమాస్తా వచ్చి విశ్వపతి చేతికి కాగితం ఇచ్చాడు. ఆయన చదువుకుని కళ్లజోడు తీశాడు. మున్సిపాలిటీలో వృక్ష గౌరవ విభాగం అని కొత్తది వస్తోంది, దానికి ఈ గది కేటాయించారు. మనశ్శాంతి విభాగం పదిహేను రోజుల్లో ఖాళీ చేసి, పట్టణంలో వేరే వసతి చూసుకోవాలి.

"పదిహేను రోజులు" అన్నాడు విశ్వపతి. ఇన్నాళ్లలో ఆయన ముద్రించిన కాగితంలా కాకుండా మాట్లాడింది అదే మొదటిసారి. "ఈ ఫైళ్లన్నీ ఎక్కడ పెట్టుకోవాలండీ?"

హైమావతి చేతిలో తాళంచెవి ఉంది. సున్నా పోవడానికి ఎవరో ఒకరు ఆ ఇంట్లో ఉండాలి. అంతకు మించి ఆమె ఏమీ ఆలోచించలేదు.

"మా ఇల్లు ఖాళీగానే ఉందండి. మెట్లు కూడా లేవు."

ప్రజాప్రయోజనం దృష్ట్యా అని రాసి విశ్వపతి వెంటనే సంతకం పెట్టాడు. విభాగం పుష్యంలో ఆమె ఇంట్లోకి మారింది. ముందు గదిలో విశ్వపతి, నడవలో ప్రవల్లిక, వంటింట్లో ఫైళ్లు. గరుకు పలకల స్నానాల గదిలో ముద్రించిన ప్రశ్నపత్రాల కట్టలు పేర్చారు.

మరుసటి వారం హైమావతి మళ్లీ దరఖాస్తు పెట్టింది. అద్దెదారు పేరు దగ్గర 'నివాస మనశ్శాంతి విభాగం' అని రాసింది. ప్రవల్లిక అట్ట, క్లిప్పు పట్టుకుని నడవలోంచి ముందు గదిలోకి వెళ్లి, తన అధికారి ఎదురుగా కూర్చుంది.

"పొద్దున్నే ఈ పైకప్పు చూస్తే మీకేమనిపిస్తుంది సార్?"

విశ్వపతి పైకి చూశాడు. బాగుందంటే, ఆరు దాటితే, ఒక ప్రభుత్వ విభాగం ప్రైవేటు ఇంట్లో సుఖంగా ఉందని దస్త్రంలోకి ఎక్కుతుంది. బాలేదంటే, ఆ ఇంటిని ఎందుకు తీసుకున్నావని పైవారు అడుగుతారు. పర్లేదంటే ఇల్లు అమ్ముడుపోతుంది, దానికి తనే సాక్షి అవుతాడు. ఆయన గంటసేపు మొదటి ప్రశ్న దగ్గరే ఉండిపోయాడు. ప్రవల్లిక ఓపిగ్గా కూర్చుంది. ఆఖరికి ఆయన స్పష్టత కోరుతూ జిల్లాకి రాశాడు. జిల్లా రాజధానికి రాసింది.

జవాబు ఫాల్గుణానికి ఇంకా రోజులుండగానే వచ్చింది. నాలుగే వాక్యాలు. 'ప్రభుత్వ విభాగములకు మనోభావములు ఉండవు. కావున సంతోష సూచిక వర్తించదు. సదరు గృహ విక్రయమునకు విభాగమునకు అభ్యంతరము ఉండజాలదు. ఇట్టి సందేహములతో మరల వ్రాయరాదు.'

విశ్వపతి ఆ ఉత్తరం చదివి ఫైలులో పెట్టాడు. అందులో మొదటి వాక్యం ఆయన మనసుకి తగిలిందని ప్రవల్లిక తర్వాత మంగతాయారుతో చెప్పింది. అయినా అనుమతి పత్రం మీద ఏ వంకా పెట్టకుండా సంతకం చేసి, హైమావతి చేతికి తనే అందించాడు.

ఇల్లు భాస్కరం పేరు మీద రిజిస్టరైంది. అద్దెకున్నవాళ్లతో సహా కొంటానన్న మాట మీద ఆయన నిలబడ్డాడు. రెండు వారాలకే విభాగంవాళ్లు వీధివైపు కిటికీ ఊచలు తీసేసి, జనం దరఖాస్తులు ఇవ్వడానికి కౌంటరు చేశారు. డాబా పిట్టగోడకి పన్నెండడుగుల బోర్డు మేకులతో కొట్టారు. ఏనాడూ తొందరపడని మనిషి ఆ రోజు పరుగున వెళ్లాడు.

"చెప్పకుండా కిటికీ పీకేసి గోడకి మేకులు కొడితే నాకెలా ఉంటుందండీ?"

"మీ ఆవేదన మాకు అర్థమవుతోంది" అన్నాడు విశ్వపతి. "యజమానుల మనోభావాలు కొలిచే విభాగం మాత్రం ఇంకా ఏర్పాటు కాలేదు."

హైమావతి స్వచ్ఛందంగా ఉద్యోగం వదులుకుంది. బస్టాండు లోపల కొట్టు దొరకలేదు గాని, దాని ఎదురుగా మూతబడిన కాఫీ హోటలు దొరికింది. ముందు కొట్టు, వెనక రెండు వాటాలు, అన్నీ నేల మీదే. ఆమె మొదట కొట్టు తెరవలేదు. వెనక వీధి మేడ మీదికి వెళ్లి, మెట్టుకి ఒకసారి ఆగుతూ పైకి ఎక్కి, అచ్చియ్యమ్మ మంచం పట్టెమీద కూర్చుంది.

"పిన్నిగారూ, ఒక వాటా నాకు, ఒక వాటా మీకు. వస్తారా?"

అచ్చియ్యమ్మ మంచం మీదనుంచి లేచి, చెప్పుల కోసం కిందికి చూసింది. మూణ్ణెల్లుగా ఆమెకి చెప్పుల అవసరం పడలేదు, అవి ఎక్కడున్నాయో ఎవరికీ గుర్తు లేదు.

కొత్తగా అద్దెకి దిగిన వాళ్లందరినీ నమోదు చేయాలని విభాగం చైత్రంలో ఉత్తర్వు ఇచ్చింది. ప్రవల్లిక అట్ట పట్టుకుని వచ్చింది. హైమావతి కొట్టులో గల్లా దగ్గర కూర్చుని నీళ్ల సీసాలు, బిస్కెట్లు అమ్ముతోంది. వెనక వాటా గుమ్మంలో అచ్చియ్యమ్మ కూర్చుని ఉంది.

"నమస్తే మామ్మగారూ. ఇల్లు ఎలా ఉంది?"

అచ్చియ్యమ్మ జవాబు చెప్పకుండా కొట్టులోకి కేకేసింది. "అమ్మాయ్ హైమా, ఇదేమైనా అమ్మే ఉద్దేశముందా?"

"లేదు పిన్నిగారూ."

"కొన్నాళ్లు పోయాకైనా?"

"ఉన్నన్నాళ్లూ లేదు."

"అయితే రాసుకోమ్మా" అంది అచ్చియ్యమ్మ ప్రవల్లికతో, కాళ్లు చాపుకుని. "తలుపు ఉబ్బిపోయింది, పడట్లేదు. వంటింట్లో ఆ కాఫీ హోటలు మసి ఇంకా పోలేదు. మధ్యాహ్నం బస్సులు హారన్లు కొడుతుంటే కునుకు పట్టదు. కుళాయి దగ్గర నీళ్లు నిలబడుతున్నాయి, పాకుడు పడుతోంది. రెండో కిటికీకి తెర లేదు, రోడ్డు మీద జనమంతా మా అన్నం గిన్నెలోకే చూస్తారు..."

హైమావతి గల్లా పెట్టె మీద బిస్కెట్ల అట్టముక్క ఒకటి తిప్పి పెట్టుకుని, తలుపు, మసి, కుళాయి, తెర అని వరసగా రాసుకుంటోంది. మంగతాయారు లోపలి నుంచి, "ఎలుకల సంగతి కూడా చెప్పండత్తా" అంటోంది.

ప్రవల్లిక కలం పట్టుకుని చాలాసేపు వింది. అచ్చియ్యమ్మ మొహం చూస్తే తొమ్మిది దాటేలా ఉంది, మాటలు చూస్తే రెండు కూడా వచ్చేలా లేదు. చివరికి ఆమె కలం మూత పెట్టేసి, గుమ్మం పక్కన చోటు చూసుకుని కూర్చుంది.

"హారన్లకి నేనేం చేయలేనండి" అంది హైమావతి కొట్టులోంచి. "మిగతావి ఆదివారం చేయిస్తాను."